పెంపక గృహంలోని బిడ్డ ఆరోగ్యానికి బాధ్యులెవరు?

కన్నవారి నీడ ఏ కారణం చేతనో కరువైన పసివారిని వేరొక కుటుంబం చేరదీసి పెంచడం మానవజాతికి కొత్త కాదు. కణ్వుని ఆశ్రమంలో పెరిగిన శకుంతల, రాధ ఒడిలో పెరిగిన కర్ణుడు, నందుని ఇంట పెరిగిన కృష్ణుడు మనకు చిరపరిచితులే. సింగపూరులో కూడ గత శతాబ్ది మధ్యకాలం వరకు ఎందరో చీనా ఆడశిశువులను భారతీయ, మలయ్ కుటుంబాలు అక్కున చేర్చుకొని తమ బిడ్డలుగా పెంచుకున్నాయి. కాని ఈ బాధ్యతను ఆధునిక రాజ్యం చట్టబద్ధం చేసి తన చేతిలోకి తీసుకొన్న తరువాత ఒక కొత్త ప్రశ్న తలెత్తింది. ఇట్టి బిడ్డకు ఇల్లు ఒకరిస్తారు, చదువు మరొకరు చెబుతారు, చికిత్స వేరొకరు చేస్తారు, అనుమతి పత్రం మీద సంతకం ఇంకొకరు పెడతారు. ఆ బిడ్డ ఆరోగ్యాన్ని ఆమూలాగ్రంగా ఎరిగి, దానికి జవాబుదారీ వహించే వారెవరు?

అటువంటి వ్యక్తి ఒకరు ఉండితీరాలని, వారి పేరు బిడ్డకు, పెంచే తల్లికి, పాఠశాలకు, వైద్యునికి తెలిసి ఉండాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఇందుకు గల శాస్త్రీయ కారణాలను, విధానపరమైన మార్గాలను పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఇక్కడి ఏర్పాటు

సింగపూరులో ఫాస్టరింగ్ పథకం 1956లో ప్రారంభమైంది. దీనిని మనం పెంపక సంరక్షణ అనుకోవచ్చు. దత్తతకూ దీనికీ భేదం ఉంది. దత్తతలో బిడ్డ శాశ్వతంగా కొత్త కుటుంబానికి చెందుతుంది. పెంపక సంరక్షణలో బిడ్డ తాత్కాలికంగా వేరొక ఇంట ఉంటుంది. కన్నవారి పరిస్థితి చక్కబడితే తిరిగి వారి వద్దకు చేరడమే లక్ష్యం. హింసకు, నిర్లక్ష్యానికి గురైనవారు, తల్లిదండ్రులు కారాగారంలోనో తీవ్రమైన వ్యాధితోనో ఉన్నవారు, విడువబడినవారు ఈ పిల్లలలో ఉంటారు. సామాజిక, కుటుంబ అభివృద్ధి మంత్రిత్వ శాఖ ఈ పథకాన్ని నిర్వహిస్తుంది. 2014 నుండి ఎంసీవైసీ వంటి స్వచ్ఛంద సంస్థలు పెంపక కుటుంబాలకు తోడ్పాటునందించే బాధ్యతలో భాగస్వాములయ్యాయి. ఇటీవలి సంవత్సరాలలో ఈ నీడన ఉన్న పిల్లల సంఖ్య 500కు పైబడింది. పెంచే కుటుంబానికి నెలనెలా భృతి ఉంది. ప్రభుత్వ వైద్యశాలలలో బిడ్డ వైద్యవ్యయానికి మినహాయింపు ఉంది. ఈ ఏర్పాటు ఎంతైనా ప్రశంసనీయం. ఖర్చు భయంతో బిడ్డ వైద్యానికి దూరమయ్యే దుస్థితి ఇక్కడ లేదు.

అయినప్పటికీ ఉచిత వైద్యం వేరు, సమగ్ర వైద్యం వేరు. ఒక ఉదాహరణ ఊహించి చూద్దాం. జురాంగ్ ఈస్ట్‌లో ఉంటున్న నాలుగేళ్ళ బాలుడిని రక్షణ నిమిత్తం టాంపనీస్‌లోని పెంపక గృహానికి చేర్చారనుకొందాం. రెండూ ఒకే పచ్చరంగు మెట్రో మార్గం మీది ఊళ్ళు. ప్రయాణం దాదాపు గంట. కాని వైద్యవ్యవస్థ దృష్టిలో అది పొరుగుదేశానికి పోవడం వంటిది. 2017లో ఇక్కడి ప్రజావైద్య సంస్థలను పడమర, మధ్య, తూర్పు ప్రాంతాలను బట్టి మూడు సమూహాలుగా పునర్వ్యవస్థీకరించారు. జురాంగ్ పాలీక్లినిక్ ఒక సమూహానిది, టాంపనీస్ పాలీక్లినిక్ మరొక సమూహానిది. మాటలు ఆలస్యమైన ఆ బాలుడు పడమట నేషనల్ యూనివర్సిటీ ఆసుపత్రికి చెందిన శిశువికాస విభాగంలో తన వంతు కోసం వేచి ఉన్నవాడైతే, తూర్పుకు పోయిన పిమ్మట ఆ వంతు ఏమవుతుంది? అదే వైద్యుని వద్దకు గంటసేపు ప్రయాణించి తీసుకొనిపోవలెనా? కేకే ఆసుపత్రిలో కొత్తగా వరుసలో నిలబడవలెనా? ఆ నిర్ణయం ఎవరిది? కన్నతల్లి ఉన్న ఇంట ఈ ప్రశ్నలన్నిటికీ ఆమే సమాధానం. పెంపక గృహంలోని బిడ్డకు ఆ సమాధానం ఐదారుగురి నడుమ పంచుకోబడి ఉంటుంది. ఐదుగురి బాధ్యత అన్నది ఒక్కొక్కప్పుడు ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది.

ఒక చిన్న అక్షరమాల

సమాచారం బిడ్డతో పాటు ప్రయాణించకపోతే ఏమవుతుందో చెప్పడానికి జీ-6-పీ-డీ అనే ఎంజైము లోపం మంచి ఉదాహరణ. ఎర్ర రక్తకణాలను రసాయనిక దాడి నుండి కాపాడే ఈ ఎంజైము కొందరిలో పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. మగపిల్లలలో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. సింగపూరులో 1965 నుండి నవజాత శిశువులందరికీ బొడ్డుతాడు రక్తంతో ఈ పరీక్ష చేస్తున్నారు. లోపం ఉన్న బిడ్డ మామూలుగా ఆరోగ్యంగానే ఉంటుంది. కాని కొన్ని మందులు, కొన్ని సంప్రదాయ మూలికలు, నాఫ్తలీన్ తగిలితే ఎర్రకణాలు విచ్ఛిన్నమై బిడ్డ పాలిపోతుంది, కామెర్లు కమ్ముతాయి, ప్రాణాపాయం సైతం సంభవించవచ్చు. నాఫ్తలీన్ అంటే మరేమో కాదు, మనవారు బట్టల బీరువాలో వేసే కలరా ఉండలే.

కొత్త బిడ్డ వస్తున్నదని ఆప్యాయంగా బీరువాలోని దుప్పట్లు తీసి పరచిన తల్లికి ఈ సంగతి ఎవరు చెప్పాలి? ఆ సమాచారం బిడ్డ పుట్టిన ఆసుపత్రిలో ఉంది. ప్రతి శిశువుకూ ఇచ్చే ఆరోగ్య పుస్తకంలో ఉంది. కాని ఆ పుస్తకం తొందరలో వెనుకటి ఇంటనే ఉండిపోవచ్చు. నదిలో కొట్టుకొని వచ్చిన పెట్టెలో కర్ణునితో పాటు కవచకుండలాలు వచ్చాయి. నేటి బిడ్డ చేతిసంచిలో కనీసం ఆ ఆరోగ్య పుస్తకమైనా ఉండవద్దా?

శాస్త్రం చెబుతున్నదేమి?

ఈ పిల్లల ఆరోగ్యం తక్కిన పిల్లల ఆరోగ్యం వంటిదేనని, ఇల్లు మారితే చాలునని భావించడం పొరపాటు. తప్పిపోయిన టీకాలు, పుచ్చిన పళ్ళు, రక్తహీనత, ఎవరూ గమనించని చూపు, వినికిడి లోపాలు వీరిలో తరచుగా కనిపిస్తాయి. పిలిచినా పలుకని పిల్లవాడు మొండివాడు కాకపోవచ్చు; మధ్యచెవిలో ద్రవం నిలిచి సరిగా వినబడకపోవచ్చు. అన్నం దాచుకొనే పిల్ల దొంగబుద్ధి కలది కాదు. రేపటి అన్నం మీద నమ్మకం పోయిన పిల్ల. దేహానికీ మనస్సుకూ నడుమ ఇక్కడ గోడ లేదు. అందుచేతనే చెవి ఒకరికి, చదువు ఒకరికి, నడవడి ఒకరికి విడివిడిగా అప్పగిస్తే నిజమైన కారణం ఎవరికీ చిక్కదు.

శరీరశాస్త్రం దీనికి ఒక వివరణ ఇస్తున్నది. భయం కలిగినప్పుడు మెదడు ఆజ్ఞతో అధివృక్క గ్రంథులు కార్టిసాల్ అనే హార్మోనును విడుదల చేస్తాయి. ఆరోగ్యవంతునిలో ఇది ఉదయం హెచ్చుగా ఉండి సాయంత్రానికి తగ్గుతుంది. చిన్ననాట నిర్లక్ష్యానికి గురై పెంపక గృహాలకు చేరిన పిల్లలలో పలువురికి ఈ దినచర్య గతి తప్పి, ఉదయపు ఉధృతి మందగించి ఉండడాన్ని అమెరికాలో పరిశోధకులు గమనించారు. మరింత విశేషమేమంటే, పెంచే తల్లిదండ్రులకు తగిన శిక్షణ నిచ్చి, బిడ్డ సంకేతాలకు వెంటనే స్పందించడం నేర్పినప్పుడు ఆ గతి సాధారణ స్థితికి దగ్గరైంది. అనగా ప్రేమకు కూడ కొలవదగిన జీవరసాయనిక ఫలితం ఉన్నది.

ఈ రంగంలో మిక్కిలి ప్రసిద్ధమైనది రుమేనియా రాజధాని బుకారెస్టులో ఛార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, ఛార్లెస్ జీనా అనే శాస్త్రజ్ఞులు చేపట్టిన అధ్యయనం. అక్కడి ఆరు అనాథ సంస్థలలోని 136 మంది పసివారిలో యాదృచ్ఛికంగా సగం మందిని పెంపక కుటుంబాలకు పంపారు. తక్కినవారికి యథాప్రకారం సంరక్షణ కొనసాగింది. 2007లో సైన్స్ పత్రికలో వెలువడిన ఫలితాల ప్రకారం, నాలుగున్నర ఏళ్ళ వయస్సులో సంస్థలలోని పిల్లల సగటు ప్రజ్ఞాలబ్ధి 73, పెంపక కుటుంబాలలోని వారిది 81, సొంత కుటుంబాలలో పెరుగుతున్న స్థానిక బాలలది 109. ఎంత చిన్న వయస్సులో కుటుంబానికి చేరితే అంత మేలు కలిగింది. ఈ అంకెలను రెండు వైపుల నుండి చదవాలి. కుటుంబం బిడ్డను బాగుచేస్తుందన్నది మొదటి పాఠం. కుటుంబం ఒక్కటే లోటును పూర్తిగా పూడ్చలేదన్నది రెండవ పాఠం. 81కీ 109కీ నడుమ గల అగాధాన్ని పూడ్చడానికి వైద్యుడు, వాక్చికిత్సకుడు, ఉపాధ్యాయుడు, పెంచే తల్లి ఒక్క త్రాటిపై నడవవలసి ఉంటుంది.

బాల్యంలోని గాయం బాల్యంతో ముగియదు. అమెరికాలో విన్సెంట్ ఫెలిటి, రాబర్ట్ ఆండా 1998లో ప్రకటించిన అధ్యయనంలో, నాలుగు లేక అంతకు మించిన రకాల బాల్యకష్టాలకు లోనైన పెద్దలలో మద్యవ్యసనం, మాదకద్రవ్యాల వాడకం, దిగులు వ్యాధి, ఆత్మహత్యా యత్నం వంటివి నాలుగు నుండి పన్నెండు రెట్లు అధికంగా కనిపించాయి. అయితే ఇవి సమూహాలకు చెందిన లెక్కలు. ఏ ఒక్క బిడ్డ నుదుటి వ్రాతా కాదు. ముందుగా జాగ్రత్త పడవలసిన చోటును చూపే దీపాలుగానే వీటిని గ్రహించాలి.

ఇతర దేశాల అనుభవం

ఇంగ్లండులో బిడ్డ ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చిన 20 పనిదినాలలోపు వైద్యుడు సమగ్ర ఆరోగ్య పరీక్ష జరపాలని నియమం ఉంది. ఆ తరువాత ఐదేళ్ళలోపు వారికి ఏటా రెండుసార్లు, పెద్దవారికి ఏటా ఒకసారి పునఃపరీక్ష. అమెరికా శిశువైద్యుల సంఘం మరింత వేగాన్ని కోరుతున్నది: కొత్త ఇంట చేరిన 72 గంటలలోపు తొలి పరీక్ష, 30 రోజులలో సమగ్ర పరీక్ష, 60 నుండి 90 రోజుల నడుమ మరొకసారి. 2008 నాటి అమెరికా చట్టం ప్రతి రాష్ట్రమూ ఈ పిల్లల ఆరోగ్య పర్యవేక్షణకు ఒక ప్రణాళిక తయారుచేయాలని ఆదేశించింది. కాలిఫోర్నియాలో శిశుసంక్షేమ కార్యాలయాలలోనే ప్రజారోగ్య నర్సులు కూర్చుండి, బిడ్డ వైద్య వివరాలను కూడగట్టి, తప్పిన పరీక్షలను గుర్తుచేస్తారు.

సమన్వయం లోపిస్తే ఏమగునో కూడ అమెరికా అనుభవమే నేర్పింది. 2008 నాటి లెక్కలను పరిశీలించి అక్కడి ప్రభుత్వ లెక్కల తనిఖీ సంస్థ 2011లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఐదు రాష్ట్రాలలో పెంపక సంరక్షణలోని పిల్లలకు మానసిక వ్యాధుల మందులు, అదే ప్రభుత్వ వైద్యపథకంలోని ఇతర బాలల కంటె 2.7 నుండి 4.5 రెట్లు అధికంగా ఇవ్వబడ్డాయి. వీరి అవసరాలు ఎక్కువే, నిజం. కాని ఇల్లు మారినప్పుడల్లా కొత్త వైద్యుడు, ప్రతి కొత్త వైద్యుడూ పాత మందు ఎందుకిచ్చారో తెలియక దానినే కొనసాగించడమో, మరొకటి చేర్చడమో చేస్తే, ఈ మందు ఇక చాలు అని చెప్పే నాథుడెవ్వడు?

మన తెలుగు రాష్ట్రాల విషయానికి వస్తే, 2015 నాటి బాలల న్యాయచట్టం పెంపక సంరక్షణకు చోటిచ్చింది. మార్గదర్శకాలు 2016లో వెలువడి, 2024లో సవరింపబడ్డాయి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద సంచార వైద్యబృందాలు అంగన్‌వాడీలలో ఏటా రెండుమార్లు, ప్రభుత్వ పాఠశాలలలో ఏటా ఒకమారు పిల్లలను పరీక్షిస్తాయి. ఈ రెండు ఏర్పాట్లకు ముడివేసి, పెంపక కుటుంబానికి చేరిన బిడ్డను జిల్లా శిశువికాస కేంద్రానికి వెంటనే చూపే పద్ధతిని పాటిస్తే కొత్త భవనాలతో, కొత్త శాఖలతో పనిలేకుండా మేలు చేకూరగలదు.

చేయదగినవి

సింగపూరు ఈ విషయంలో శూన్యం నుండి ప్రారంభించనక్కరలేదు. మన జురాంగ్ పరిసరాలలోని తమాన్ జురాంగ్, బూన్ లే ప్రాంతాలతో సహా ఐదు చోట్ల 2016లో కిడ్‌స్టార్ట్ అనే ప్రయోగం మొదలైంది. అల్పాదాయ కుటుంబాలలోని గర్భిణులకు, పసివారికి ఆరోగ్యం, శిశువికాసం, కుటుంబ సహాయం కలిపి అందించే ఈ పద్ధతి తరువాత ఇతర ప్రాంతాలకు విస్తరించింది. 2025లో ప్రారంభమైన గ్రో వెల్ ఎస్‌జీ పథకం క్రింద ఒకటవ తరగతి నుండి మూడవ తరగతి వరకు గల విద్యార్థులకు వ్యక్తిగత ఆరోగ్య ప్రణాళికలు ఇస్తున్నారు. విడివిడి శాఖలను ఒక బిడ్డ చుట్టూ చేర్చడం ఇక్కడ సాధ్యమని దీనిని బట్టి తేటపడుతున్నది. ఈ పునాది మీద ఐదు అంశాలను ప్రతిపాదించవచ్చు.

మొదటిది గడువు. బిడ్డ కొత్త ఇంట చేరిన మూడు రోజులలో తొలి పరీక్ష, నెలలోపు దంతాలు, చూపు, వినికిడి, ఎదుగుదల, మనస్సు అన్నీ చేరిన సమగ్ర పరీక్ష నియమావళిలో స్పష్టంగా ఉండాలి. ఎందరికి గడువులోపు జరిగిందో ఏటా ప్రకటించాలి. లెక్కకు రానిది దృష్టికి రాదు.

రెండవది వ్యక్తి. ప్రతి బిడ్డకు ఒక ఆరోగ్య సమన్వయకర్త, మేలైన పక్షంలో అనుభవజ్ఞురాలైన నర్సు ఉండాలి. బిడ్డ జురాంగ్ ఈస్ట్ నుండి టాంపనీస్‌కు పోయినా, అక్కడి నుండి కన్నవారి వద్దకు చేరినా ఆమె మారరాదు.

మూడవది పత్రం. బిడ్డ గడపలో అడుగిడిన నాడే పెంచే తల్లి చేతికి ఒక్క పుట సారాంశం అందాలి: పడని మందులు, జీ-6-పీ-డీ ఫలితం, వాడుతున్న మందులు, టీకాల వివరం, తరువాతి వైద్యుని తేదీ. దేశవ్యాప్త విద్యుత్ ఆరోగ్య పత్రవ్యవస్థ 2011 నుండి ఉన్నది కదా అని కొందరనవచ్చు. పత్రాలు నిలువచేసే యంత్రం ఉండడం ఒకటి, వాటిని చదివి ఇంటి భాషలో చెప్పే మనిషి ఉండడం మరొకటి.

నాలుగవది సంతకం. సాధారణ జ్వరానికి, టీకాకు, మత్తు ఇచ్చి పన్ను తీయడానికి, శస్త్రచికిత్సకు ఎవరి అనుమతి చెల్లునో ముందుగానే వ్రాసి ఇవ్వాలి. 2019లో బాలల చట్టానికి జరిగిన సవరణ, కన్నవారి వద్దకు క్షేమంగా తిరిగి వెళ్ళజాలని పిల్లల విషయంలో సంరక్షకులు కొన్ని నిర్ణయాలు తీసుకొనేందుకు న్యాయస్థానం ద్వారా వీలు కల్పించింది. ఆ స్ఫూర్తి దినదిన వ్యవహారంలో ప్రతి పెంపక గృహానికి సుబోధకంగా చేరాలి.

ఐదవది కొనసాగింపు. పద్దెనిమిదేళ్ళు నిండిన నాడు యువకుని చేతిలో అతని ఆరోగ్యచరిత్రను అతడే చదువుకోగల భాషలో పెట్టి పంపాలి. అమెరికాలో 2014 నుండి ఇట్టి యువతీయువకులకు 26 ఏళ్ళ వరకు ప్రభుత్వ వైద్యపథకం వర్తిస్తున్నది. గాయం నయం కావడానికి పట్టే కాలాన్ని చట్టంలోని వయోపరిమితి నిర్ణయించజాలదు.

ఆక్షేపణలు, సమాధానాలు

ఇంత ఏర్పాటుకు వ్యయం ఎక్కువని ఒక ఆక్షేపణ. పిల్లల సంఖ్య వందలలోనే ఉన్నది కనుకనే ఇది సాధ్యం. వేలాది బాలలున్న కాలిఫోర్నియా మోయగలిగిన భారాన్ని, దక్షతకు పేరొందిన ఈ చిన్న ద్వీపం మోయలేకపోదు.

రెండవ ఆక్షేపణ మరింత గంభీరమైనది. బిడ్డ గతం అందరి చేతికి చిక్కితే అది జీవితాంతం వెంటాడే ముద్ర కాదా? ఈ భయం న్యాయమైనదే. అందుచేత ప్రాణరక్షణకు అవసరమైన సమాచారాన్ని, కుటుంబ రహస్యాలను రెండు వేర్వేరు అరలలో ఉంచాలి. పడని మందు పేరు పెంచే తల్లికి తెలియాలి. బిడ్డ ఏ దుఃఖం దాటి వచ్చిందో ఆమెకు కావలసినంత మేరకే తెలియాలి. పొరుగింటికి అసలు తెలియనవసరం లేదు. ఎవరికి ఎంత చెప్పాలో నిర్ణయించేటప్పుడు, వయస్సు వచ్చిన బిడ్డ మాట కూడ వినాలి. 1995లో సింగపూరు అంగీకరించిన ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక ఇదే చెబుతున్నది.

మూడవది మనవారి నోట తరచుగా వినవచ్చే మాట: ప్రేమగా చూచుకొంటే అన్నీ అవే సర్దుకొంటాయని. ప్రేమ లేనిదే ఏదీ సర్దుకోదు. అందులో సందేహం లేదు. కాని వినబడని చెవికి ప్రేమతో పాటు శ్రవణపరీక్ష కూడ కావాలి. ఆ పరీక్ష కోసం పదిమందిని బతిమాలవలసిన స్థితిలో పెంచే తల్లిని ఉంచడం ఆమె ప్రేమకు మనం వేసే జరిమానా.

మన వంతు

విధానాలను ప్రభుత్వం చేస్తుంది. వాటిని కోరవలసిన వారు పౌరులు. ఈ పిల్లలకు ఓటు లేదు, సంఘం లేదు, తమ తరఫున మాటాడే తల్లిదండ్రులు తరచుగా లేరు. కనుక వారి పక్షాన పలుకవలసిన బాధ్యత సంఘాలకు, వృత్తి నిపుణులకు ఉన్నది. జురాంగ్ ఈస్ట్ పరిసరాలలో నివసించే తెలుగువారిలో వైద్యులు, నర్సులు, ఉపాధ్యాయులు, సమాచార సాంకేతిక నిపుణులు ఎందరో ఉన్నారు. పైన చెప్పిన ఒక్క పుట సారాంశపు నమూనాను రూపొందించి సంబంధిత శాఖకు సమర్పించడం వీరికి అసాధ్యమేమీ కాదు. ప్రభుత్వం విధానాల మీద ప్రజాభిప్రాయం కోరినప్పుడు ఈ పిల్లల గురించి నాలుగు వాక్యాలు వ్రాసి పంపడం అంతకంటె సులభం.

25 ఏళ్ళు నిండి, ఆరోగ్యం, అవకాశం, ఓర్పు గల సింగపూరు వాసులు పెంపక తల్లిదండ్రులు కావడాన్ని గూర్చి ఆలోచించవచ్చు. బిడ్డ భాషకు, మతానికి, ఆహారపు అలవాట్లకు దగ్గరగా ఉన్న ఇల్లు దొరికితే ఆ బిడ్డ పోగొట్టుకొనేది కొంతైనా తగ్గుతుంది. అంతటి బాధ్యత తలకెత్తుకోలేని వారు, అది ఎత్తుకొన్న ఇరుగుపొరుగు వారికి ఒక సాయంకాలం విశ్రాంతి కల్పించవచ్చు. కనీసం ఒక్క మర్యాద అందరమూ పాటించగలం. ఉగాది వేడుకలోనో, పిక్నిక్‌లోనో ఒక కుటుంబం వెంట కొత్త బిడ్డ కనిపిస్తే, “ఎవరి పిల్ల? అమ్మానాన్నలేమయ్యారు?” అని ఆరా తీయకుండా ఉండగలం. ఆ బిడ్డ ఛాయాచిత్రం తీసి నలుగురికీ పంపకుండా ఉండగలం. సంరక్షణలోని బాలల గుర్తింపును బయటపెట్టరాదని ఈ దేశపు చట్టం కూడ చెబుతున్నది. చదివింపులకు ముందు పళ్ళెంలో ఇంత పులిహోర వడ్డించి, తక్కిన పిల్లలతో ఆడుకొమ్మని పంపితే చాలు.

బిడ్డ ఏ ఇంట పెరిగినా ఆమె చెవి, పన్ను, నిద్ర, భయం అన్నిటినీ కలిపి చూచే కన్ను ఒకటి ఉండాలి. ఆ కన్ను ఎవరిదో పేరు పెట్టి చెప్పగలిగిన నాడే మన సంరక్షణ సమగ్రమైనదని చెప్పుకోగలం.